ప్లాటినం పరమాణువు దానంతట అదే కదుల్తోందా, మనం చూస్తున్నందుకు కదుల్తోందా?

కోటగుమ్మం_ఫిజిక్స్ | విజయనగరం

అందరికీ నమస్కారం. ఇక్కడ డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెప్తుంటాను. మొన్న ఫైనలియర్ వాళ్ళకి ఒక ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వీడియో వేసేను. పల్చటి కార్బన్ పొర మీద ప్లాటినం, నల్లటి తెర మీద తెల్ల చుక్కలు, ఒక్కో చుక్క ఒక్కో పరమాణువు, అవి అటూ ఇటూ గెంతుతూ రెండు కలిసి, అయిదారు కలిసి, ఆఖరికి వరసలు తీరిన బుల్లి స్ఫటికం అయి కూర్చుంటాయి. గుంటలు కళ్ళార్పకుండా చూసేరు. అయిపోయాక ఒకమ్మాయి లేచి, సార్ ఎలక్ట్రాన్లతో కొట్టి కదా చూస్తున్నాం, కొడితే ఏదైనా కదుల్తాది, అది దానంతట అదే కదుల్తోందని గ్యారంటీ ఏటి అని అడిగింది.

గది వేడికే పరమాణువులు ఊగుతుంటాయి, ఆ ఊపులోనే ఒక్కోసారి పక్క చోటికి గెంతుతాయి అని చెప్పేను. అది నిజమే గానీ ఆ పిల్ల అడిగింది రుజువు. ఈ పని చేసేవాళ్ళు, చదివినవాళ్ళు ఇక్కడ ఉన్నారు కదా, దీని మీద తీరిగ్గా రాయండి, మా క్లాసుకి చదివి వినిపిస్తాను.

వంశధార_ఒడ్డు | నరసన్నపేట, ప్రస్తుతం బయట చదువు

మాస్టారూ నమస్తే. నాది పీహెచ్‌డీ, రోజూ ఈ మైక్రోస్కోప్ ముందే కూర్చుంటాను. మీ స్టూడెంట్ అడిగినదే మా ల్యాబ్‌లో ప్రతీ మీటింగ్‌లోనూ మా గైడ్ గారు అడుగుతారు, కాబట్టి ఆ అమ్మాయికి ముందు నా తరఫున శభాష్ చెప్పండి.

ముందు చుక్క ఎలా వస్తాదో చెప్తాను. ఎలక్ట్రాన్ కిరణాన్ని ఒక పరమాణువు కంటే సన్నగా ఫోకస్ చేసి నమూనా మీద వరసలు వరసలుగా నడిపిస్తాం. కేంద్రకానికి బాగా దగ్గరగా వెళ్ళిన ఎలక్ట్రాన్లు పెద్ద కోణంలో పక్కకి చెదిరిపోతాయి, వాటిని కింద ఉన్న రింగు ఆకారం డిటెక్టర్ పట్టుకుంటాది. పరమాణు సంఖ్య పెరిగే కొద్దీ ఈ చెదరడం దాదాపు దాని వర్గం లెక్కన పెరుగుతాది. కార్బన్ 6, ప్లాటినం 78. అందుకే కార్బన్ పొర నల్లగా వెనక్కి వెళ్ళిపోయి ఒక్క ప్లాటినం పరమాణువు కూడా తెల్లగా కనపడుతాది.

ఇప్పుడు అసలు లెక్క. ఎలక్ట్రాన్ చాలా తేలిక, ప్లాటినం చాలా బరువు, ఎదురెదురుగా గుద్దుకున్నా అది ఇవ్వగలిగిన శక్తికి ఒక గరిష్ఠ పరిమితి ఉంది. ఎలక్ట్రాన్లని తోసే వోల్టేజీ 80 కిలోవోల్టులైతే ప్లాటినానికి ఎక్కువలో ఎక్కువ 1 ఎలక్ట్రాన్ వోల్ట్ (పరమాణువుల లెక్కల్లో శక్తికి వాడే చిన్న కొలత) దగ్గర్లో అందుతాది, 200 కిలోవోల్టుల దగ్గరైతే 2.7 దాకా. అదే 80 కిలోవోల్టుల ఎలక్ట్రాన్ తేలికైన కార్బన్‌ని గుద్దితే దానికి 15.8 దాకా వెళ్తాది. గ్రాఫీన్‌లోంచి, అంటే ఒక్క పరమాణువు మందం ఉండే కార్బన్ పొరలోంచి, ఒక కార్బన్‌ని ఊడగొట్టాలంటే సుమారు 17 కావాలి, అందుకే చాలామంది 80 కానీ అంతకన్నా తక్కువ కానీ పెట్టుకుని చూస్తారు.

1 ఎలక్ట్రాన్ వోల్ట్ చిన్నదే కదా అనుకోకండి. శుభ్రమైన గ్రాఫైట్ మీద లోహ పరమాణువు పక్క చోటికి జరగడానికి కావల్సింది దానికన్నా బాగా తక్కువ. అంటే కిరణం దాన్ని తొయ్యగలదు, నిజంగానే తోస్తాది. మీ వీడియోలో కొన్ని గెంతులు కిరణం వల్లే అయ్యుంటాయి.

టెక్కలి_సందేహం

నాది ఇంకా మొదటి మెట్టు ప్రశ్న. ఆ చుక్క పరమాణువే అని ఎలా నమ్మాలి? కంప్యూటర్‌లో శుభ్రం చేసిన బొమ్మ కదా, చెత్త పడినా చుక్కే, డిటెక్టర్ గోల అయినా చుక్కే. నేను నిజంగా తెలుసుకుందామనే అడుగుతున్నాను.

వంశధార_ఒడ్డు

అడగాల్సిందే అన్నా. డిటెక్టర్ గోల అయితే ఒక ఫ్రేములో ఉండి తర్వాత ఫ్రేములో పోతాది, పరమాణువు చాలా ఫ్రేముల్లో అదే చోట అదే వెలుగుతో ఉంటాది. రెండోది, చుక్కల వెలుగు కొలిస్తే ఇష్టమొచ్చినట్టు ఉండదు, ఒక విలువ, దాని రెట్టింపు, మూడు రెట్లు అని మెట్లు మెట్లుగా వస్తాది, ఎందుకంటే ఒకదాని మీద ఒకటి ఎక్కిన పరమాణువుల్ని లెక్కపెడుతున్నాం. మూడోది, అవి కలిసి స్ఫటికం అయ్యాక పక్కపక్క పరమాణువుల దూరం కొలిస్తే 0.277 నానోమీటర్ దగ్గరకొస్తాది, అది ఎక్స్‌రేలతో ప్లాటినం ముద్దలో ఎప్పట్నుంచో కొలిచిన దూరమే. చెత్తకి ఆ మూడూ ఒకేసారి కుదరవు.

బొబ్బిలి_పాత_మేష్టారు

మాస్టారూ, మీ విద్యార్థిని ప్రశ్నకి పక్కా రుజువు ఈ కొత్త మైక్రోస్కోపులకి చాలా ముందే దొరికింది. రిటైరయ్యాక నాకు తీరికే తీరిక, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఎర్విన్ ముల్లర్ అనే ఆయన ఫీల్డ్ అయాన్ మైక్రోస్కోప్ కట్టేడు. బాగా సన్నగా చెక్కిన టంగ్‌స్టన్ సూది మొన, దానికి వేల వోల్టుల విద్యుత్తు, చుట్టూ కొద్దిగా హీలియం. మొన మీద పొడుచుకొచ్చిన ఒక్కో పరమాణువు దగ్గర హీలియం అయాన్ అయి నేరుగా తెర మీదకి ఎగిరిపోతుంది, తెర మీద ఒక చుక్క పడుతుంది. 1955 అక్టోబర్ 11న పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో ముల్లర్, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న మన భారతీయ విద్యార్థి కన్వర్ బహదూర్, మొనని బాగా చల్లబరిచి చూస్తే టంగ్‌స్టన్ పరమాణువులు విడివిడిగా కనపడ్డాయి. మనిషి పరమాణువుల్ని విడివిడిగా చూసింది అదే మొదలు. కన్వర్ బహదూర్ పేరు మన పుస్తకాల్లో ఎక్కడా రాకపోవడం నాకు ఎప్పుడూ బాధే, మీ క్లాసులో మాత్రం తప్పకుండా చెప్పండి.

ఇప్పుడు మీకు కావల్సిన సంగతి. 1966లో గెర్ట్ ఎర్లిక్, హుడ్డా ఇద్దరూ అదే యంత్రంతో టంగ్‌స్టన్ మీద ఒంటరి టంగ్‌స్టన్ పరమాణువులు ఎలా నడుస్తాయో కొలిచేరు. బాగా చల్లబరిచి ఫోటో తీస్తారు, ఆ చల్లదనంలో ఏదీ కదలదు. తర్వాత వోల్టేజీ పూర్తిగా తీసేస్తారు. చీకట్లో, ఏ విద్యుత్ క్షేత్రమూ లేకుండా, మొనని లెక్కపెట్టిన కాసేపు వేడి చేస్తారు. మళ్ళీ చల్లబరిచి, వోల్టేజీ పెట్టి ఫోటో. పరమాణువు వేరే చోట ఉంటుంది. అంటే అది కదిలిన సమయంలో దాన్ని ఏదీ కొట్టలేదు, ఎవరూ చూడలేదు. వేడి ఒక్కటే కారణం. ఇదే పని వేరువేరు ఉష్ణోగ్రతల్లో చేసి, ఒక్క గెంతుకి ఎంత శక్తి కావాలో లెక్కకట్టేరు.

పిల్లలకి బోర్డు మీద చేయించండి. టంగ్‌స్టన్‌లో బాగా ఒత్తుగా పేర్చిన ముఖం మీద గెంతుకి అడ్డుగోడ, అంటే గెంతడానికి కావల్సిన శక్తి, సుమారు 0.9 ఎలక్ట్రాన్ వోల్టులు. పరమాణువు సెకనుకి 10 లక్షల కోట్ల సార్లు ఊగుతుందని పెట్టుకోండి, ఇది మామూలుగా వాడే అంచనా. 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఘాతాంకం లెక్క (ఊపుల సంఖ్య × e^(−అడ్డుగోడ/kT), k బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం, T కెల్విన్‌లో ఉష్ణోగ్రత) వేస్తే రెండు నిమిషాలకి ఒక్క గెంతు వస్తుంది. 127 డిగ్రీలకి పెంచి మళ్ళీ వెయ్యమనండి, సెకనుకి 45 గెంతుల పైన వస్తుంది. అదే అడ్డుగోడ 0.5 అయితే గది వేడికే సెకనుకి నలభై వేలు, అంత వేగాన్ని ఏ వీడియో అయినా పట్టుకోలేదు, చుక్క కనపడకుండా చెరిగిపోతుంది. మనకి వీడియోలో చక్కగా గెంతుతూ కనపడే పరమాణువు అంటే, దాని వేగం కెమెరా వేగానికి సరిపడినది అని అర్థం.

రాజాం_గ్యారేజ్

బావూ, ఈ పోస్టులు రెండేసి సార్లు సదివేను. నాకు అర్థమైంది ఏటంటే పరమాణువులు ఊరికే ఉండవు, తిరుగుతుంటాయి, కలుసుకుంటే అతుక్కుంటాయి. మరి మా దగ్గరకొచ్చే బండ్లలో సైలెన్సర్ ముందుండే కన్వర్టర్ ఉంది కదా, బీఎస్ 6 వొచ్చాక అన్నిటికీ అదే గొడవ, లోపల ప్లాటినం పల్లాడియం ఉంటాది అంటారు, కొన్నేళ్ళకి పని తగ్గిపోతాది. పైకి సూస్తే ఏటీ అరిగినట్టు ఉండదు. అది కూడా ఇదేనా? చారు మీద నూనె సుక్కలు ఒకదాన్నొకటి తాకి పెద్ద సుక్క అయినట్టు లోపల లోహం ముద్దలైపోతోందా?

కళింగపట్నం_కెమిస్ట్రీ

అన్నయ్యా సరిగ్గా అదే. ఎమ్మెస్సీలో కెటాలిసిస్ మీద, అంటే తను ఖర్చవకుండా రసాయన చర్యని వేగం చేసే పదార్థాల (కెటలిస్టుల) మీద, ప్రాజెక్ట్ చేసేను కాబట్టి ఇది నేను అందుకుంటాను.

కన్వర్టర్ లోపల తేనెపట్టు గళ్ళ సిరామిక్, దాని మీద అల్యూమినా పూత, ఆ పూత మీద కొన్ని నానోమీటర్ల లోహపు రేణువులు, ప్లాటినం, పల్లాడియం, రోడియం. పని చేసేది రేణువు ఉపరితలం ఒక్కటే. 13 పరమాణువుల గుండ్రటి గుంపులో 12 బయటే ఉంటాయి, ఒక్కటే లోపల. 55లో 42 బయట. 147లో 92. 309కి వచ్చేసరికి 162, అంటే సగానికి దగ్గరగా లోపల ఇరుక్కుపోయి ఏ పనికీ రాకుండా కూర్చున్నాయి. రేణువు 2 నానోమీటర్ల నుంచి 20 అయితే అంతే లోహానికి ఉపరితలం పదో వంతు అయిపోతుంది. లోహం ఎక్కడికీ పోలేదు, అరగలేదు, అయినా కన్వర్టర్ సగం చచ్చింది. ఇంజిన్ సరిగ్గా మండక కన్వర్టర్ మరీ వేడెక్కితే ఇది ఇంకా తొందరగా జరుగుతుంది, మీకు తెలిసిన సంగతే.

అయితే మీరు చెప్పిన నూనె చుక్కల దారి రెండిట్లో ఒకటి. రేణువులు మొత్తంగా జరిగి తాకి కలవడం అది. రెండో దారిలో రేణువులు కదలవు, చిన్న రేణువు నుంచి ఒక్కో పరమాణువు విడిపోయి ఉపరితలం మీద నడుచుకుంటూ వెళ్ళి పెద్ద రేణువులో చేరుతుంది. చిన్నదాంట్లో పరమాణువుల పట్టు తక్కువ, అంచుల్లో ఉన్నవాటికి పక్కన తోడు తక్కువ, అందుకని అక్కడ్నించి తేలిగ్గా ఊడతాయి. చిన్నవి కరిగిపోతాయి, పెద్దవి ఇంకా పెద్దవవుతాయి. దీనికి ఓస్ట్‌వాల్డ్ అనే రసాయన శాస్త్రవేత్త పేరు పెట్టేరు. ఫోటోలో రేణువులు మాత్రమే కనపడినంత కాలం ఏ దారి నడుస్తోందో వాదనలే. మధ్యలో తిరిగే ఒంటరి పరమాణువులు కనపడ్డాకే చూసి చెప్పడం కుదిరింది. ఇంగ్లండ్‌లోని యార్క్‌లో మన దేశంలోనే పుట్టిన ప్రతిభా గాయ్ గారు, ఎడ్ బాయ్స్ గారు మైక్రోస్కోప్ లోపలే గ్యాసూ వేడీ ఇస్తూ ఒక్కో పరమాణువుని చూసే ఏర్పాటు చేసేరు, కార్బన్ మీద ప్లాటినం రేణువుల మధ్య తిరిగే పరమాణువుల్ని వాళ్ళు చూపించేరు.

ఇంకొక్కటి, మా ఊరి సంగతి కూడా. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో మొదట విడిగా కనపడిన పరమాణువులు థోరియం, యురేనియం, 1970లో షికాగోలో ఆల్బర్ట్ క్రూ గారి ల్యాబ్‌లో. బరువైనవి కాబట్టి బాగా వెలుగుతాయని వాటినే పెట్టుకున్నారు. ఆ థోరియం ఉండే మోనజైట్ మా కళింగపట్నం, భావనపాడు ఇసకలో ఉంది. అదే ఇసకలో ఇల్మెనైట్ కూడా ఉంది, దాన్లోంచి తీసేదే టైటానియం డయాక్సైడ్, బంగారం రేణువుల్ని నిలబెట్టడానికి అందరూ వాడే ఉపరితలం అది. ఏదీ అంటుకోని బంగారం కొన్ని నానోమీటర్లకి చిన్నదైతే గది వేడికన్నా చల్లగా ఉన్నా కార్బన్ మోనాక్సైడ్‌ని మండించేస్తుందని జపాన్‌లో హరుతా గారు 1987లో చూపించేరు. సముద్రం ఒడ్డున నడిచినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది.

రాజాం_గ్యారేజ్

అమ్మా భలే సెప్పేవు. అయితే ఆ పరమాణువుల్ని కదలకుండా కట్టీసే మందు ఏటీ లేదా?

కళింగపట్నం_కెమిస్ట్రీ

ఉంది. 2011లో చైనా, అమెరికా వాళ్ళు కలిసి ఐరన్ ఆక్సైడ్ మీద ఒంటరి ప్లాటినం పరమాణువుల్ని నిలబెట్టి కెటలిస్ట్‌గా వాడి చూపించేరు, అక్కడ ఆక్సిజన్‌తో బంధం కట్టుకుని ఉంటాయి. నాకు ఇంకా నచ్చినది 2016లో న్యూ మెక్సికో యూనివర్సిటీ అభయ దాత్యే గారి బృందం చేసినది. 800 డిగ్రీల దగ్గర గాలిలో ప్లాటినం ఆక్సైడ్ ఆవిరై రేణువుల్లోంచి బయటకొచ్చేస్తుంది. పాడుచేసేది అదే కదా, వాళ్ళు పక్కన సీరియం ఆక్సైడ్ పెట్టేరు, దాని మెట్ల అంచుల్లో ఆ పరమాణువులు ఒక్కొక్కటీ ఇరుక్కుని అక్కడే ఉండిపోయేయి. పారిపోతున్న లోహాన్ని పట్టుకోవడానికి ఆ వేడినే వాడుకున్నారు.

బుడితి_కంచు

మాది బుడితి, ఇంట్లో తాతల నాటి నుంచీ ఇత్తడి, కంచు పని. పోత పోసినప్పుడు తొందరగా చల్లారితే లోపల రేణువు సన్నగా, నెమ్మదిగా చల్లారితే ముతగ్గా వస్తాదని విరిచి చూస్తే మాకు తెలుసు. ఈ ఒక్కో పరమాణువు కథలో దానికి కారణం కనపడుతోందా? గుంపు ఎప్పుడు స్ఫటికం అవుతాదో అది కూడా చెప్పండి.

బొబ్బిలి_పాత_మేష్టారు

కనపడుతుంది నాయనా. ఉపరితలం మీద లోహాన్ని చల్లుతున్నారనుకో. చల్లగా ఉంటే పరమాణువు ఎక్కువ దూరం నడవలేదు, ఈలోగా ఇంకోటి పక్కన పడుతుంది, రెండూ అతుక్కుంటాయి, అలా వందల చోట్ల చిన్న దీవులు మొదలవుతాయి. వేడిగా ఉంటే దూరం నడిచి ఉన్న దీవిలోనే చేరిపోతుంది, కొన్ని పెద్ద దీవులే వస్తాయి. మీ పోతలో ద్రవం నుంచి గడ్డకట్టడం కాబట్టి వివరాలు వేరు, కానీ కొత్తది మొదలవ్వడానికీ ఉన్నది పెరగడానికీ మధ్య పోటీ అక్కడా ఇక్కడా ఒకటే.

ఎర్లిక్ ఇంకోటి కూడా గమనించేడు. మెట్టు అంచు దాకా వచ్చిన పరమాణువు కిందకి దిగకుండా వెనక్కి తిరుగుతుంది. అంచు దాటేటప్పుడు పట్టుకోవడానికి పక్కన తోడు తక్కువ, అక్కడ అదనపు అడ్డుగోడ. అందుకే కొన్ని లోహాలు పొరలు పొరలుగా చదునుగా కాకుండా గుట్టలు గుట్టలుగా పెరుగుతాయి.

వంశధార_ఒడ్డు

స్ఫటికం ఎప్పుడు అవుతాది అన్నదానికి ఒక గీత గియ్యలేం. 1986లో జపాన్‌లో ఇజిమా, ఇచిహాషి 2 నానోమీటర్ల బంగారం రేణువుని, అంటే రమారమి 250 పరమాణువులు, వీడియో తీస్తే అది సెకన్లలో ఒక ఆకారం నుంచి ఇంకో ఆకారానికి మారిపోతూ కనపడింది, ఒకసారి ఒకే స్ఫటికం, ఇంకోసారి జంట స్ఫటికం, ఇంకోసారి ఇరవై ముఖాలది. ముద్ద బంగారం కరిగేది 1064 డిగ్రీలకి, ఇంత చిన్నది చాలా ముందే కరుగుతాది.

మాస్టారి ప్రశ్నకి తిరిగి వస్తాను. కిరణం వల్లా, వేడి వల్లా అని మేం ఇప్పుడు తేల్చే పద్ధతి ఇది. కిరణం జోరు రెట్టింపు చేస్తాం. సెకనుకి గెంతులు కూడా రెట్టింపైతే దోషి కిరణం, మారకపోతే వేడి. తర్వాత కిరణం ఆపేసి కాసేపు వేడిలో ఉంచి మళ్ళీ చూస్తాం, అసలు ఒక్కసారి కూడా చూడని పక్క ప్రాంతంలో కూడా అదే మార్పు వచ్చిందా అని వెతుకుతాం. వచ్చిందంటే నమ్ముతాం. ఈ రెండూ రాయకుండా వీడియో ఒక్కటే ఎవరైనా చూపిస్తే నేను దాన్ని అందమైన వీడియో అనే అంటాను, కొలత అనను. పరమాణువులు మనకి కనపడ్డం ఎంత గొప్ప సంగతో అంత జాగ్రత్తా కావాలి.

ఒక్క కిరణమే కాదు, యంత్రం లోపలి శూన్యంలో మిగిలిపోయిన కొద్దిపాటి గ్యాసు కూడా మోసం చేస్తాది. ప్లాటినం మీద ప్లాటినం చల్లితే 400 కెల్విన్ దగ్గర చక్కటి త్రిభుజాల దీవులు వస్తాయని 1990ల మొదట్లో కోమ్సా, మిషెలీ వాళ్ళ బృందం చూపించేరు, లోహం స్వభావమే అది అని అందరం అనుకున్నాం. 1998లో అదే బృందం ఇంకా శుభ్రమైన శూన్యంలో చేసి చూస్తే ఆ త్రిభుజాల వెనక లేశమంత కార్బన్ మోనాక్సైడ్ ఉందని తేలింది. వాళ్ళ మీద నాకు ఎంతో గౌరవం.

టెక్కలి_సందేహం

ఐబీఎం వాళ్ళు పరమాణువులతో అక్షరాలు రాసింది కూడా ఉంది కదా, అది ఈ కోవలోకి వస్తాదా?

బొబ్బిలి_పాత_మేష్టారు

అది స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోప్, 1981లో జ్యూరిచ్‌లో బినిగ్, రోరర్ కట్టింది, 1986లో నోబెల్. డాన్ ఐగ్లర్ దాంతో 4 కెల్విన్ చలిలో నికెల్ మీద 35 జెనాన్ పరమాణువుల్ని పేర్చేడు. అక్కడ సూది కావాలనే లాగుతోంది. సూదితో ఊరికే చూద్దామనుకున్నప్పుడు కూడా అది కొద్దిగా లాగగలదు కాబట్టి ఆ అమ్మాయి ప్రశ్న దానికీ వర్తిస్తుంది.

వెనకబెంచీ_విజయనగరం

నమస్తే అండీ, ఆ ప్రశ్న అడిగింది నేనే. మాస్టారు లింకు ఇచ్చేరు. అన్నీ చదివేను, ఎర్లిక్ గారి పద్ధతి చాలా నచ్చింది. కానీ దాంట్లో ఇంకో ఇబ్బంది కనిపిస్తోంది. చీకట్లో కదిలిందంటే మనకి మొదలు, చివర రెండే తెలుసు. మధ్యలో ఏ దారిలో వెళ్ళిందో, ఎలా గెంతిందో చూడలేదు కదా. మరి గెంతు ఎలాంటిదో ఎలా చెప్తారు?

బొబ్బిలి_పాత_మేష్టారు

అమ్మా, వందల సార్లు అదే పని చేసి, ప్రతీసారీ ఎక్కడ ఆగిందో గుర్తు పెడతారు. సగటు దూరం వర్గం చూస్తే ఎన్ని గెంతులో వస్తుంది. ఎంత దూరం ఎన్నిసార్లు వెళ్ళిందో ఆ పంపిణీ ఆకారం చూస్తే ఒక్కో గడి గెంతుతోందా, ఒకేసారి రెండు గళ్ళు కూడా దాటేస్తోందా అన్నది తేలిపోతుంది.

దీన్లో అన్నిటికన్నా నాకు ఇష్టమైనది 1990 నాటిది, అమెరికాలో శాండియా ల్యాబ్‌లో కెలాగ్, ఫైబెల్‌మన్ చేసినది. ప్లాటినంలో నలుచదరపు అమరిక ఉన్న ముఖం మీద ఒక ప్లాటినం పరమాణువుని వదిలి, అది ఆగిన చోట్లన్నీ ఒక పటం మీద గుర్తు పెట్టేరు. మామూలుగా పక్క గడిలోకి గెంతుతూ ఉంటే ఎప్పటికో అప్పటికి అన్ని గళ్ళూ నిండాలి. నిండలేదు. ఒక గడి విడిచి ఒక గడి, సరిగ్గా సగం గళ్ళు ఎప్పుడూ ఖాళీయే. అలా అవ్వాలంటే కదలిక ఎప్పుడూ మూలకే ఉండాలి. పైన ఉన్న పరమాణువు గెంతడం లేదు, కింద వరసలోకి దిగి కూర్చుంటోంది, అక్కడ ఉన్నది పైకి లేచి మూల గడిలోకి వస్తోంది. అంటే మనం ఒకే పరమాణువు నడుస్తోంది అనుకుంటాం గానీ, ప్రతీ అడుగుకీ పరమాణువు మారిపోతోంది.

కోటగుమ్మం_ఫిజిక్స్

మేష్టారూ, ఆ గళ్ళ పటం సోమవారం బోర్డు మీద పిల్లల చేతే గీయిస్తాను, ముందు మామూలు గెంతులతో, తర్వాత మూల గెంతులతో. వంశధార తమ్ముడూ, కిరణం ఆపి తీసిన ముందూ వెనకా ఫ్రేములు మీ దగ్గర బయటకి ఇవ్వగలిగినవి ఉంటే పంపండి, చుక్కలు వాళ్ళే లెక్కపెడతారు.

వంశధార_ఒడ్డు

మా గైడ్ గారిని అడిగి పంపుతాను మాస్టారూ. ఉష్ణోగ్రత, వోల్టేజీ, కిరణం జోరు, గది లోపలి ప్రెషర్ అన్నీ పక్కనే రాసి ఇస్తాను. ఆ అమ్మాయి చుక్కలు లెక్కపెట్టాక ఏం తేలిందో ఇక్కడే రాయమనండి.